కాంగ్రా లోయ నుంచి పోర్ట్ బ్లెయిర్ దాకా: ఉప్పులో కలిసిన ఒక పరిశోధన చరిత్ర

అండమాన్ దీవుల్లో వంటింటి ఉప్పు ఓడ మీద వస్తుంది. చుట్టూ సముద్రమే అయినా ఉప్పు మాత్రం మెయిన్‌ల్యాండ్ నుంచి రావలసిందే. ఉప్పు మళ్ళు కట్టాలంటే చదునైన తీరం, నెలల తరబడి ఎండ, పొడిగాలి కావాలి. ఈ దీవుల్లో మే నెలలో నైరుతి రుతుపవనాలు మొదలైతే, అవి వెనక్కి తగ్గగానే ఈశాన్య రుతుపవనాలు అందుకుంటాయి. ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వర్షం. తీరంలో చాలా చోట్ల మడ అడవి. అందువల్ల బియ్యం, పప్పు, నూనెలతో పాటు ఉప్పు ప్యాకెట్లు కూడా చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం రేవుల నుంచి సముద్రం దాటి పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ కిరాణా కొట్టుకు చేరతాయి.

ఆ ప్యాకెట్టు మీద అయోడిన్ కలిపిన ఉప్పు అని రాసి ఉంటుంది. దాన్ని చదివేవారు తక్కువ. ఆ ఒక్క ముక్క వెనక యాభై ఏళ్ళ వైద్య పరిశోధన ఉంది. అందులో ప్రధాన భాగం శ్రీకాకుళంలో పుట్టిన ఒక తెలుగు వైద్యుడు నడిపినది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. వాళ్ళలో చాలామంది చేపల వేట మీద బతికే కుటుంబాల వాళ్ళు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి 1950ల తర్వాత దశలవారీగా వచ్చి స్థిరపడ్డవాళ్ళు. ఆ వైద్యుడిదీ అదే శ్రీకాకుళం, పేరు వులిమిరి రామలింగస్వామి. హార్మోన్ల జబ్బుల మీద మన దేశంలో జరిగిన పరిశోధనలో ఇంతమంది జీవితాలను తాకిన పని మరొకటి లేదని నా అభిప్రాయం. అది హిమాలయాల్లో మొదలై సముద్రం నడుమ ఉన్న దీవుల దాకా ఎలా చేరిందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గొంతు కింది భాగంలో, శ్వాసనాళానికి అటూ ఇటూ అతుక్కుని ఉండే థైరాయిడ్ గ్రంథి బరువు పెద్దవాళ్ళలో 20 గ్రాముల దాకా ఉంటుంది. అది తయారుచేసే థైరాక్సిన్ అనే హార్మోన్ ఒక్కో అణువులో నాలుగు అయోడిన్ పరమాణువులు ఉంటాయి. ఆ అయోడిన్‌ను శరీరం సొంతంగా తయారు చేసుకోలేదు, తిండి నుంచే రావాలి. పెద్దవాళ్ళకు రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు, గర్భిణికి 250 కావాలి. మనిషి జీవితకాలం మొత్తానికి కావలసింది ఒక చెంచాడు మించదు. కానీ శరీరం దాన్ని చాలాకాలం నిలవ ఉంచుకోలేదు కనుక ఆ కాస్తా రోజూ అందాలి. అందకపోతే రక్తంలో థైరాక్సిన్ తగ్గుతుంది. మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి దాన్ని పసిగట్టి టీఎస్‌హెచ్ అనే మరో హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేస్తుంది. ఆ ఒత్తిడికి థైరాయిడ్ కణాలు పెరిగి గ్రంథి ఉబ్బుతుంది. మన పాత వైద్యులు గళగండం అన్నది, ఇప్పటి డాక్టర్లు గాయిటర్ అంటున్నది అదే. పైకి కనిపించే ఆ వాపు కంటే కనిపించని నష్టమే పెద్దది. గర్భంలో ఉన్న పిల్లకు తొలి నెలల్లో తల్లి థైరాక్సినే ఆధారం. అది చాలకపోతే మెదడు ఎదుగుదల కుంటుపడుతుంది. తీవ్రమైన కొరత ఉన్న ఊళ్ళలో చెవుడు, మూగతనం, మందబుద్ధి, పొట్టితనంతో పిల్లలు పుట్టేవారు. ఆ స్థితిని వైద్యులు క్రెటినిజం అన్నారు.

ఈ జబ్బుకు కారణం అయోడిన్ కొరతేనని తేలడానికి మన దేశంలో చాలా కాలం పట్టింది. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళలో రాబర్ట్ మెకారిసన్ అనే సైనిక వైద్యుడు గిల్గిత్‌లో గాయిటర్‌ను అధ్యయనం చేశాడు. ఒకే కాలువ వెంట వరసగా ఉన్న ఊళ్ళలో కిందికి పోయేకొద్దీ వాపు ఎక్కువవుతోందని గమనించి, నీటిలోని మాలిన్యమే కారణమని నమ్మాడు. ఆ నీటిలోని మడ్డిని వడగట్టి తానూ తాగాడు, ఒప్పుకున్న మరికొందరి చేత తాగించాడు. కొందరికి గొంతు ఉబ్బింది. మరిగించిన మడ్డి తాగినవారికి ఉబ్బలేదు. ఆయన పరిశీలనలో నిజాయితీ ఉంది, ధైర్యం ఉంది. కలుషిత నీరు గాయిటర్‌కు తోడ్పడవచ్చన్న మాటలో కొంత సత్యమూ ఉంది. కానీ మూలకారణం ఆయన దృష్టిని దాటిపోయింది. అదే మెకారిసన్ తర్వాత కూనూరులో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఒక్క గదిలో 1918లో ఒక చిన్న పరిశోధన విభాగం మొదలుపెట్టాడు. అది పెరిగి పోషకాహార పరిశోధనశాలగా మారి, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. ఇవాళ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే.

ఆ లోపల పాశ్చాత్య దేశాల్లో అయోడిన్ సంగతి తేలిపోయింది. అమెరికాలో డేవిడ్ మెరీన్, కింబల్ ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ పట్టణపు బడి ఆడపిల్లలకు సోడియం అయోడైడ్ ఇచ్చి గాయిటర్‌ను ఆపవచ్చని చూపారు. 1920ల మొదట్లో స్విట్జర్లాండ్, ఆ వెంటనే మిచిగన్ రాష్ట్రం ఉప్పులో అయోడిన్ కలపడం మొదలుపెట్టాయి. అలాంటప్పుడు 1950లలో మన దేశంలో మళ్ళీ పరిశోధన ఎందుకని అడగవచ్చు. స్విట్జర్లాండ్‌లో గాయిటర్ తగ్గింది, నిజమే. కానీ ఉప్పు మారిన ఆ ఏళ్ళలోనే అక్కడి తిండి, రవాణా, సంపద కూడా మారాయి. ఉప్పు అందని జనాన్ని పక్కన నిలబెట్టి పోల్చేలా మొదటి నుంచీ రూపొందించిన ప్రయోగం కాదది. పైగా మన ఉప్పు వేరు. స్విస్ ఉప్పు శుద్ధి చేసిన పొడి ఉప్పు. మనది తడి పట్టే కల్లుప్పు, గోనె సంచుల్లో నెలల తరబడి ఎండకూ వానకూ తిరిగేది. అందులో కలిపిన అయోడిన్ వంటింటి దాకా నిలుస్తుందా? ఈ ప్రశ్నకు జవాబు ఇక్కడే వెతకాలి.

రామలింగస్వామి 1921 ఆగస్టు 8న శ్రీకాకుళంలో పుట్టారు. విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో 1944లో ఎంబీబీఎస్, 1946లో ఎండీ పూర్తిచేశారు. 1951లో ఆక్స్‌ఫర్డ్ నుంచి డాక్టరేట్ పొందారు. ఆయన పరిశోధన జీవితం మొదలైంది కూనూరులో, మెకారిసన్ నాటిన సంస్థలోనే. వృత్తి రీత్యా పెథాలజిస్టు. అంటే జబ్బు చేసిన కణజాలాన్ని సూక్ష్మదర్శిని కింద చదివే మనిషి. అలాంటి మనిషి గాజు పలక దగ్గరే ఆగకుండా, కొండ దారులెక్కి బడిపిల్లల గొంతులు తడిమే పనికి పూనుకోవడమే ఈ కథలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకునే విషయం.

కాంగ్రా లోయ అప్పటికి పంజాబ్‌లో ఉండేది, ఇప్పుడు హిమాచల్ ప్రదేశ్‌లో ఉంది. భారత వైద్య పరిశోధన మండలి అక్కడ లక్ష మందికి పైగా జనాభా ఉన్న ప్రాంతాన్ని ఎంచుకుని మూడు మండలాలుగా విభజించింది. 1956లో బడిపిల్లలను పరీక్షిస్తే మూడింటిలోనూ సుమారు 38 శాతం మందికి గాయిటర్ ఉన్నట్టు తేలింది. తర్వాత ఒక మండలానికి పొటాషియం అయోడైడ్ కలిపిన ఉప్పు, మరొక మండలానికి పొటాషియం అయోడేట్ కలిపిన ఉప్పు, మూడోదానికి మామూలు ఉప్పు పంపిణీ చేశారు. తక్కినదంతా మూడు చోట్లా ఒక్కటే: అదే నీరు, అదే గాలి, అదే మొక్కజొన్న రొట్టె, అదే కొండ వాలు.

ఇలాంటి సర్వేకు ముఖ్యమైన పనిముట్టు డాక్టరు వేళ్ళే. పిల్లను ఎదురుగా నిలబెట్టి, తల కాస్త పైకెత్తించి, రెండు బొటనవేళ్ళతో శ్వాసనాళానికి ఇరువైపులా తడుముతారు. గుటక వేయమంటారు. థైరాయిడ్ అయితే గుటకతో పాటు పైకి జరుగుతుంది. తర్వాతి కాలంలో స్థిరపడ్డ కొలత ప్రకారం, గ్రంథిలో ఒక్కో తమ్మె ఆ పిల్ల సొంత బొటనవేలి చివరి కణుపు కంటే పెద్దదైతే దాన్ని గాయిటర్‌గా లెక్కిస్తారు. పిల్ల గొంతును పిల్ల వేలితోనే కొలవడం వల్ల వయసు తేడా, ఒడ్డూపొడుగుల తేడా చాలావరకు అడ్డురావు. తెలివైన కొలత అది. అయినా ఇద్దరు డాక్టర్ల వేళ్ళు ఎప్పుడూ ఒక్కలా చెప్పవు. అందుకే వేళ్ళు చెప్పిన మాటను ప్రయోగశాల రుజువు చేయాలి.

తిన్న అయోడిన్‌లో చాలా భాగం మూత్రంలో పోతుంది కాబట్టి, మూత్రంలో ఎంత ఉందో కొలిస్తే తిండిలో ఎంత ఉందో తెలుస్తుంది. ఇలాంటి పనికి 1930లలో శాండెల్, కోల్తోఫ్ కనిపెట్టిన పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. పసుపు పచ్చని సీరియం ద్రావణానికి ఆర్సీనియస్ ఆమ్లం కలిపితే ఆ రంగు మెల్లగా విరుగుతుంది. అందులో రవ్వంత అయోడిన్ ఉంటే గబగబా విరుగుతుంది. పరీక్ష గొట్టంలో పసుపు ఎంత వేగంగా తేలిపోతోందో కాలంతో కొలిస్తే, లీటరులో కొన్ని మైక్రోగ్రాముల అయోడిన్ లెక్క కూడా దొరుకుతుంది. మరో పరీక్ష రేడియోధార్మిక అయోడిన్‌తో చేసేది. కొద్ది మోతాదు తాగించి, గంటల తర్వాత గొంతు దగ్గర కౌంటరు పెట్టి గ్రంథి ఎంత లాక్కుందో చూస్తారు. రామలింగస్వామి, టి.ఎ.వి. సుబ్రమణ్యన్, ఎం.జి. దేవ్ కలిసి 1961లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన వ్యాసం ఈ పరీక్షల ఆధారంగా రాసిందే. హిమాలయ గాయిటర్ రోగుల మూత్రంలో అయోడిన్ చాలా తక్కువ. గ్రంథి మాత్రం ఇచ్చిన అయోడిన్‌ను మామూలు కంటే చాలా ఎక్కువగా లాక్కుంటోంది. అంటే గ్రంథిలో లోపం లేదు. అది ఆకలితో ఉంది. నీటి మాలిన్యం, వంశపారంపర్యం, కొండ ఎత్తు అంటూ చేసిన వాదాలన్నీ ఈ రెండు అంకెల ముందు పక్కకు తప్పుకోవలసి వచ్చింది.

కాంగ్రాలో తొలి సర్వే జరిగిన ఆరేళ్ళకు, 1962లో పిల్లలను మళ్ళీ పరీక్షించారు. అయోడిన్ ఉప్పు తిన్న రెండు మండలాల్లో గాయిటర్ సగానికి, అంతకంటే కిందికి దిగింది. మామూలు ఉప్పు తిన్న మండలంలో అలాగే ఉంది. అప్పుడు ఆ మూడో మండలానికి కూడా అయోడేట్ ఉప్పు ఇచ్చారు. అక్కడా తగ్గడం మొదలైంది. 1968 నాటికి మొదటి రెండు మండలాల్లో అది పది శాతం లోపుకు చేరింది. ఎస్.ఎస్. సూచ్‌తో కలిసి రామలింగస్వామి 1965లో, పెద్ద బృందంతో కలిసి 1973లో, ఈ ఫలితాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో ప్రచురించారు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఆరేళ్ళ పాటు ఒక మండలం పిల్లలకు మామూలు ఉప్పే ఇవ్వడం న్యాయమేనా అన్న ప్రశ్న నేటి పాఠకుడికి తప్పక వస్తుంది, రావాలి కూడా. అయోడిన్ పనిచేస్తుందని పాశ్చాత్య అనుభవం అప్పటికే చెబుతోంది. ఇవాళ ఏ నీతి సంఘమూ అలాంటి ప్రయోగానికి సులువుగా అనుమతి ఇవ్వదు. మరోవైపు, ఆ పోలిక లేకపోయి ఉంటే, కోట్ల రూపాయలు పెట్టి దేశమంతటికీ ఉప్పు మార్చే నిర్ణయాన్ని ప్రభుత్వం చేత తీసుకునేలా చేయడం కష్టమయ్యేది. ఆ మండలపు పిల్లలు మోసిన భారం మీదే తక్కిన దేశానికి రుజువు దొరికింది. ఈ చరిత్ర రాసేటప్పుడు వాళ్ళను లెక్కలోని ఒక నిలువు వరసగా మాత్రమే చూపడం సరికాదు.

కాంగ్రా తేల్చిన మరో సంగతి రసాయనానికి సంబంధించినది. అయోడైడ్ చౌక. కానీ తేమ తగిలితే, ఉప్పులోని మలినాలు తోడైతే, అది విడిపోయి గాలిలో కలిసిపోతుంది. అయోడేట్ నిలుస్తుంది. శుద్ధి చేయని ఉప్పు వాడే వేడి దేశాలకు అయోడేటే తగినదన్న నిర్ణయం బలపడింది. ఏడాదిలో ఎనిమిది నెలలు తడిసే అండమాన్‌కు ఈ చిన్న తేడా ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కర్లేదు. ఓడ అరలో, రేవు గోదాములో, ఆ తర్వాత కొట్టులో కాలం గడిపిన ఉప్పులో ఇంకా అయోడిన్ మిగులుతోందంటే కారణం అయోడేటే.

1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఉప్పులో అయోడిన్ కలిపే యంత్రాలకు యూనిసెఫ్ సాయం చేసింది. కానీ రెండు దశాబ్దాల పాటు అది నత్తనడకనే సాగింది. గాయిటర్ హిమాలయ వాసుల జబ్బు అన్న భావన అధికారుల్లో పాతుకుపోయింది. ఉత్పత్తి ప్రభుత్వ రంగంలోనే ఉండేది, అవసరానికి ఏ మూలకూ చాలేది కాదు. 1983లో ప్రైవేటు ఉత్పత్తిదారులను అనుమతించారు. 1984లో దేశంలో తినే ఉప్పంతటికీ అయోడిన్ కలపాలని కేంద్రం నిర్ణయించింది. 1992లో కార్యక్రమం పేరులో గాయిటర్ పోయి అయోడిన్ కొరత రుగ్మతలు అన్నది వచ్చింది.

ఈ మార్పుకు ఢిల్లీ ఎయిమ్స్ ప్రయోగశాల ఇచ్చిన బలం గొప్పది. రామలింగస్వామి 1957లో ఎయిమ్స్‌లో పెథాలజీ ఆచార్యుడిగా చేరి, 1969 నుంచి 1979 దాకా దాని డైరెక్టర్‌గా ఉన్నారు. ఆయన చుట్టూ తయారైన బృందంలో ఎం.జి. కర్మార్కర్, ఎన్. కొచ్చుపిళ్ళై ముఖ్యులు. రక్తంలోని హార్మోన్లను అతిసూక్ష్మంగా కొలిచే రేడియో ఇమ్యునో ఎస్సే పద్ధతి అప్పటికి చేతికొచ్చింది. 1980లలో కొచ్చుపిళ్ళై బృందం ఉత్తరప్రదేశ్ తరాయి జిల్లాల్లో అప్పుడే పుట్టిన పిల్లల బొడ్డుతాడు రక్తాన్ని వడపోత కాగితం మీద చుక్కలుగా సేకరించి, ఆరబెట్టి, ఢిల్లీకి తెచ్చి పరీక్షించింది. సంపన్న దేశాల్లో మూడు నాలుగు వేల మంది శిశువుల్లో ఒకరికి కనిపించే థైరాయిడ్ లోపం, గోండా వంటి జిల్లాల్లో వెయ్యికి పదుల సంఖ్యలో కనిపించింది. అంతదాకా గాయిటర్ అంటే గొంతు అందవికారం అనుకున్న విధానకర్తలకు ఇది పుట్టబోయే పిల్లల మెదళ్ళ విషయమని అర్థమైంది.

ఇక సముద్రం సంగతి. సముద్రం పక్కన ఉన్నవాళ్ళకు అయోడిన్‌కు కొదవ ఉండదన్న నమ్మకం పాఠ్యపుస్తకాల దాకా పాకింది. అందులో సగమే నిజం. సముద్రపు నీటిలో లీటరుకు 50, 60 మైక్రోగ్రాముల అయోడిన్ ఉంటుంది. సముద్రపు చేప, రొయ్య, నాచు దాన్ని పోగుచేసుకుంటాయి కనుక వాటిని తినేవారికి మేలే. కానీ ఆ నీటిని మళ్ళలో ఆరబెట్టి తీసిన ఉప్పులో అయోడిన్ దాదాపు ఉండదు. ఉప్పు గడ్డకట్టేటప్పుడు అది అడుగున మిగిలే చేదునీటిలోనే ఉండిపోతుంది. శ్రీకాకుళం జిల్లా నౌపడ మళ్ళ నుంచి ఉప్పు ఎన్నో తరాలుగా పర్లాకిమిడి వైపు కొండలకు వెళ్ళింది. ఆ ఉప్పుతో అయోడిన్ మాత్రం వెళ్ళలేదు. తూర్పు కనుమల గిరిజన గూడేల్లో గాయిటర్ కనిపించడానికి ఇది ఒక కారణం. రామలింగస్వామి సొంత జిల్లాలోనే, అంటే 2022 విభజనకు ముందటి శ్రీకాకుళంలో, ఒక పక్క సముద్రం, మరో పక్క సీతంపేట కొండలు, మధ్యన ఈ ఉప్పు దారి. ఆయన హిమాలయాల్లో పరిష్కరించిన సమస్య ఊరి పొలిమేరల్లోనూ ఉంది.

అయోడిన్ కొరతకు వాన ఇంకో కారణం. నేలలోని అయోడిన్ నీటితో కొట్టుకుపోతుంది. హిమాలయాల్లో మంచు, వరదలు చేసిన పనిని, ఏటవాలు కొండలున్న దీవుల్లో కుంభవృష్టి చేయగలదు. అలాంటి నేలలో పండిన కూరగాయ, గింజ అయోడిన్‌ను పెద్దగా ఇవ్వలేవు. అండమాన్‌లో తూర్పు బెంగాల్ నుంచి, ఛోటానాగపూర్ నుంచి వచ్చి లోపలి లోయల్లో సాగు చేసుకుంటున్నవారున్నారు. జంగ్లీఘాట్ రేవులో వల విప్పే తెలుగు కుటుంబం తినే చేప, ఆ సాగుదారుల కంచంలోకి అంత తరచుగా రాదు. దీవి అన్న ఒక్క మాటతో అందరినీ ఒకే గాట కట్టడం ఇక్కడ చెల్లదు. దేశమంతటా జరిగిన జిల్లా సర్వేల తర్వాత కేంద్ర ఆరోగ్య శాఖ వచ్చిన నిర్ధారణ కూడా ఇదే: అయోడిన్ కొరత లేని రాష్ట్రం గానీ కేంద్రపాలిత ప్రాంతం గానీ లేదు.

రామలింగస్వామి 1979లో భారత వైద్య పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్ అయ్యారు, 1986 దాకా ఉన్నారు. ఆ ఏళ్ళలో మండలి ఢిల్లీకి దూరంగా ఉన్న ప్రాంతాల్లో వరసగా పరిశోధన కేంద్రాలు తెరిచింది: 1981లో భువనేశ్వర్, 1982లో డిబ్రూగఢ్, 1983లో పోర్ట్ బ్లెయిర్, 1984లో జబల్పూర్. జబ్బు ఎక్కడుంటే ప్రయోగశాల అక్కడే ఉండాలన్నది కాంగ్రా నేర్పిన పద్ధతి. ఈ నాలుగు కేంద్రాల వెనకా ఆ పద్ధతి కనిపిస్తుందని నేను అనుకుంటాను. రక్తపు సీసా మంచు డబ్బాలో ఢిల్లీకి చేరేలోపు చాలా జబ్బులు తమ ఆనవాళ్ళు చెరిపేసుకుంటాయి.

పోర్ట్ బ్లెయిర్‌లో (2024లో ఆ ఊరి పేరు శ్రీ విజయపురంగా మారింది) డాలీగంజ్ దగ్గర ఉన్న కేంద్రం హార్మోన్ల పరిశోధనతో పేరు తెచ్చుకోలేదు. 1980ల చివరి నుంచి ఏటా వానాకాలం తర్వాత రైతులను చంపుతూ వచ్చిన అండమాన్ రక్తస్రావ జ్వరం నిజానికి లెప్టోస్పైరోసిస్ అని తేల్చింది ఆ కేంద్రమే. నికోబారీల్లో హెపటైటిస్ బి విస్తృతి, నాన్‌కౌరీ దీవుల్లో పగటిపూట కుట్టే దోమతో వ్యాపించే ఫైలేరియా దాని ఇతర ముఖ్య పరిశోధనలు. అంటువ్యాధులు ప్రాణం తీస్తున్న చోట థైరాయిడ్ వెనక వరసలో నిలవడం సహజం.

ఈ దీవుల్లో పరిశోధనకు మరొక హద్దు ఉంది, అది ఉండి తీరాలి. కాంగ్రాలో తొలి సర్వే జరిగిన 1956లోనే, అండమాన్ నికోబార్‌లో ఆదిమ తెగల రక్షణ నిబంధన అమల్లోకి వచ్చింది. జారవాలు, ఓంగీలు, సెంటినలీలు ఉండే ప్రాంతాల్లోకి అనుమతి లేకుండా ఎవరూ అడుగు పెట్టకూడదు. గొంతు తడమడం, రక్తం తీయడం కాంగ్రాలో లాగా ఇక్కడ కుదరదు. బయటివాళ్ళు తెచ్చిన పొంగు, సవాయి రోగాలతో గ్రేట్ అండమానీలు వేల నుంచి పదుల సంఖ్యకు పడిపోయిన చరిత్ర తెలిసినవారెవరూ ఆ హద్దును అడ్డంకిగా చూడరు.

నికోబారీల స్థితి వేరు. కార్ నికోబార్‌లో బడులు, ఆసుపత్రి, ఉద్యోగాలు ఉన్నాయి. కొబ్బరి, కేతకి పండు, పంది, చేప వాళ్ళ పాత తిండి. 2004 డిసెంబరు 26 నాటి సునామీ కొబ్బరి తోటలను, ఊళ్ళను తుడిచిపెట్టింది. తాత్కాలిక నివాసాల్లోకి బియ్యం, పిండి, నూనె, పంచదార, ప్యాకెట్ తిండి వచ్చాయి, అందులో చాలా భాగం ఉండిపోయింది. పోర్ట్ బ్లెయిర్ కేంద్రం శాస్త్రవేత్తలు కార్ నికోబార్‌లో రక్తపోటు మీద చేసిన అధ్యయనం 2011లో వెలువడింది. పెద్దవాళ్ళలో దాదాపు సగం మందికి అధిక రక్తపోటు ఉన్నట్టు అందులో తేలింది. అప్పటిదాకా క్షయ, హెపటైటిస్, ఫైలేరియాల గురించి మాట్లాడిన దీవిలో ఇప్పుడు రక్తపోటు, మధుమేహం గురించి మాట్లాడాల్సి వచ్చింది. మధుమేహం కూడా హార్మోన్ జబ్బే.

మెయిన్‌ల్యాండ్‌లోనూ థైరాయిడ్ ప్రశ్న ఈ లోపల రూపం మార్చుకుంది. 2013లో ప్రచురితమైన ఎనిమిది నగరాల సర్వేలో పెద్దవాళ్ళలో సుమారు 11 శాతం మందికి థైరాయిడ్ మందకొడితనం కనిపించింది. హైదరాబాద్ వంటి లోపలి నగరాల్లో కొంచెం ఎక్కువ, ముంబై, చెన్నై, గోవాల్లో కొంచెం తక్కువ. సముద్రతీరం పూర్తి రక్షణ ఇవ్వలేదని ఇదీ చెబుతుంది. అయోడిన్ అందుతున్న కాలంలో ఈ జబ్బుకు ముఖ్య కారణం శరీరం తన గ్రంథి మీద తానే దాడి చేసుకోవడం. దాన్ని ఉప్పు నయం చేయదు. రోజూ మాత్ర వేసుకోవాలి, ఏడాదికి ఒకటి రెండు సార్లు టీఎస్‌హెచ్ చూపించుకోవాలి. దూరపు దీవి నుంచి జిల్లా ఆసుపత్రికి పడవ ప్రయాణం చేయాల్సిన గర్భిణికి ఈ చిన్న పరీక్ష కూడా చిన్నది కాదు.

అయినా అయోడిన్ కథ ముగిసిపోలేదు. ఈ విషయంలో ప్రభుత్వమే ఊగిసలాడింది. అయోడిన్ లేని ఉప్పును తినడానికి అమ్మకూడదన్న దేశవ్యాప్త నిషేధం 1998లో అమల్లోకి వచ్చింది. ప్రజారోగ్య విషయాల్లో బలవంతం తగదంటూ 2000 సెప్టెంబరులో దాన్ని ఎత్తేశారు. వైద్యులు, శాస్త్రవేత్తలు గట్టిగా అభ్యంతరం చెప్పారు. 2006 మే నెలలో మళ్ళీ విధించారు. రామలింగస్వామి ఆ పునరుద్ధరణ చూడలేదు. 2001 మే 28న ఆయన ఢిల్లీలో కన్నుమూశారు. కాంగ్రాలో కూడా, దశాబ్దాల తర్వాత జరిగిన సర్వేల్లో పిల్లలకు గాయిటర్ మళ్ళీ కనిపించింది. కొండలు మళ్ళీ అయోడిన్ పుట్టించవు. సరఫరాలో, నాణ్యతలో పట్టు సడలిన చోటల్లా జబ్బు తిరిగి వస్తుంది.

ఇప్పుడు కార్ నికోబార్ వంటి చోట రెండు పరిశోధనలు ఒకే ఉప్పు డబ్బా దగ్గర ఎదురుపడుతున్నాయి. రక్తపోటు తగ్గాలంటే రోజుకు అయిదు గ్రాముల లోపు ఉప్పు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన నిబంధన ప్రకారం ఇంటికి చేరే ఉప్పులో కనీసం పది లక్షల పాళ్ళకు 15 పాళ్ళ అయోడిన్ ఉండాలి. పది గ్రాములు తినే మనిషికి ఆ ఉప్పు 150 మైక్రోగ్రాములు ఇస్తుంది. సరిగ్గా రోజుకు కావలసినంత. అదే మనిషి డాక్టరు మాట విని అయిదు గ్రాములకు తగ్గితే అందేది 75. ఆ లోటు చేపతో పూడుతుందా, లేక ఉప్పులో అయోడిన్ పాలు పెంచాలా అన్నది దీవి దీవికీ, కుటుంబం కుటుంబానికీ మారే లెక్క. ఉప్పు తగ్గించండి, కానీ తినే ఉప్పులో అయోడిన్ తగినంత ఉండేలా సరిచూసుకోండి అన్నదే ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. ఆ సరిచూసే పని ఎక్కడికక్కడే జరగాలి. అందుకు కావలసిన పరికరాలు ఇప్పుడు ఏ పంచాయతీకైనా అందుబాటులో ఉన్నాయి: చెన్నైలో తయారయ్యే ఎంబీఐ అనే చిన్న ఉప్పు పరీక్ష కిట్, చెంచాడు ఉప్పు, దాని మీద ఒక చుక్క పిండి ద్రావణం. అయోడిన్ ఉంటే ఉప్పు ఊదారంగుకు తిరుగుతుంది, ఎంత ఎక్కువ ఉంటే అంత ముదురు. ఆ రంగు చూసి రాసుకున్న అంకెను మూత్ర పరీక్షతో, గర్భిణుల టీఎస్‌హెచ్‌తో జతచేసి ఏడాదికేడాదీ దీవివారీగా పోల్చే పని పోర్ట్ బ్లెయిర్ కేంద్రం లాంటి చోటే జరగాలి. ఆ పని చేయగల ప్రయోగశాల అక్కడ నలభై ఏళ్ళుగా ఉంది.